‘రెండో రేవు’లో నాలుగు రోజులు

విశాఖపట్నం వెళ్లొచ్చానని చెప్పగానే మా ఆదోనిలో అందరూ ఒకటే అడిగారు, సముద్రం చూశావా అని. రెండు చూశానని చెప్పాను. ఒకటి అందరూ చూసేదే, ఊరి అంచున ఉంది. రెండోది ఆటోనగర్‌లో ఒక లేత్ వర్క్‌షాపు మేడ మీద, కంప్యూటర్‌లో ఉంది. నేను అంత దూరం రైల్లో కూర్చుని వెళ్లింది ఆ రెండోదాని కోసమే.

నేను జాకెట్లు కుట్టే మనిషిని. ఎనిమిదో తరగతితో బడి ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా మా ఊరి గ్రంథాలయంలోనే. ఇరవై రెండేళ్లుగా మధ్యాహ్నం మూడింటికి కుట్టు మిషను మీద గుడ్డ కప్పి అక్కడికి వెళుతున్నాను. కథల పుస్తకాలు అయిపోయాక చరిత్ర చదివాను, చరిత్ర అయిపోయాక ఖగోళశాస్త్రం పట్టుకున్నాను. ఆ అలమార తాళం నా కోసమే తీయాల్సి వచ్చిందని గ్రంథపాలకుడు ఇప్పటికీ అంటాడు. ఈ మాట గొప్ప కోసమే రాస్తున్నాను.

కిందటేడు ఆయనే నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, “అమ్మా, ఇదొక ఆట. తెలుగులో ఉంది. చదవాల్సింది చాలా ఉంది, మీకు సరిపోతుంది” అన్నాడు. దాని పేరు ‘రెండో రేవు’. కొన్ని వందల ఏళ్ల తర్వాత మన తూర్పు తీరం జనం పక్క నక్షత్రం చుట్టూ తిరిగే ఒక గ్రహానికి వెళ్లి, అక్కడొక ఓడరేవూ ఉక్కు కర్మాగారమూ కట్టుకుంటారు. ఆడేవాళ్లు ఆ రేవులో కొత్తగా దిగిన మనిషి అవుతారు. వెల్డరో, నర్సో, క్రేను నడిపే మనిషో, ముందే ఎంచుకోవాలి. ఎదురైనవాళ్లతో మాట్లాడాలి. తెర మీద నాలుగైదు మాటలు కనిపిస్తాయి. ఏ మాట ఎంచుకుంటే దానికి తగ్గట్టు అవతలివాళ్లు జవాబిస్తారు, కథ అటు తిరుగుతుంది. నాకైతే చదివేవాళ్లని కూడా లోపలికి రానిచ్చిన నవలలా అనిపించింది.

అప్పటికి మొదటి అధ్యాయమే వచ్చింది. అందులో రేవు మీద ఆకాశం చూసి ఆగిపోయాను. నక్షత్రాలన్నీ మన ఆకాశంలో ఉన్నట్టే వేశారు. పక్క నక్షత్రం దగ్గరికి వెళ్లి చూస్తే ఆకాశం చాలావరకు ఇలాగే ఉంటుంది, నిజమే. కానీ శర్మిష్ఠ అనే నక్షత్రరాశిలో మనకి కనిపించే ఐదు చుక్కల పక్కన అక్కడ ఆరోది కనిపించాలి. ఆ ఆరోది మన సూర్యుడు. సిరియస్ కూడా జరిగి ఆర్ద్ర పక్కకి రావాలి. ఇదంతా ఆరు పేజీల్లో రాసి, బొమ్మ గీసి, ఆటలో ఉన్న చిరునామాకి పంపాను. మూడు నెలలకి హేమ అనే అమ్మాయి నుంచి జవాబొచ్చింది. “అక్కా, ఆకాశం సరిచేశాం. సముద్రం అధ్యాయం పూర్తయింది. బయటికి రాకముందే మీరొచ్చి చూడాలి.”

గోపాలపట్నం

రైలు దిగి ఆటో ఎక్కితే డ్రైవరు దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు.

“ఏ ఊరమ్మా మీది? మాట తేడాగుంది.”

“ఆదోని.”

“ఓలమ్మ, అంత దూరమా. ఏటి పనిమీదొచ్చినారు?”

“ఒక ఆట చూడ్డానికి.”

“క్రికెట్టా? మేచీలేవీ లేవు కదమ్మా ఇప్పుడు.”

కంప్యూటర్ ఆట అన్నాను. అద్దంలోంచి నా తలకేసి చూశాడు. నా వెంట్రుకలు సగం నెరిశాయి. “మా గుంటడు అదే ఆడతన్నాడని రోజూ తిడతన్నాను. ఇంక తిట్టను” అన్నాడు.

హేమ శ్రీకాకుళం వైపు ఒక పల్లెలో రైతుల ఇంట పుట్టింది. మద్దిలపాలెంలో ఒక ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తుంది, మిగతా వేళల్లో ఈ ఆటలో మనుషుల మాటలు రాస్తుంది. గోపాలపట్నంలో రెండు గదుల ఇల్లు. వెళ్లగానే గ్లాసుడు చోడి అంబలి ఇచ్చింది. చోడి అంటే మా రాగే. మేము సంగటి చేసి ముద్దగా తింటాం, వీళ్లు పల్చగా కాచి మజ్జిగ పోసి తాగుతారు. ఎండలో దిగిన మనిషికి అంబలే మేలని ఒప్పుకున్నాను. దానితో నంజుకోవడానికి పెట్టిన ఊరగాయ విషయంలో మాత్రం ఒప్పుకోలేదు.

అంబలి తాగుతుండగా హేమ అసలు సంగతి చెప్పింది. సముద్రం అధ్యాయమంతా ఒక ముసలి జాలరి మీద నడుస్తుంది. ఆయన నిజంగానే ఉన్నాడు. పేరు ఎల్లాజీ, ఉండేది జాలారిపేటలో, డెబ్బై దాటాయి. ఆటలోనూ అదే పేరు, అదే పడవ, అదే గొంతు. కాగితం మీద ఒప్పందమేమీ లేదు. మాటిచ్చేటప్పుడు ఆయనొక షరతు పెట్టాడు. పూర్తయ్యాక నాకు చూపించాలి, నచ్చకపోతే నా పేరూ గొంతూ తీసేయాలి అని.

“ఎల్లుండి సూపిత్తన్నాం అక్కా. పది రోజుల్లో బయటికి రావాలి. ఆయన వద్దంటే మాకు సముద్రమే లేదు. రెండేళ్ల పని.”

నచ్చకపోవడానికేముంది అన్నాను. నమ్మకంగానే అన్నాను.

ఆటోనగర్

రెండో రోజు శనివారం. వర్క్‌షాపులన్నీ పూర్తి జోరు మీద ఉన్నాయి. ఇనప రజను వాసన, కోసిన ఇనుము మీద చల్లే నీళ్ల వాసన, పది రూపాయల టీ. మా ఊరి టీ కన్నా గ్లాసు చిన్నది, చక్కెర ఎక్కువ. లేత్ వర్క్‌షాపు పక్కనున్న ఇనప మెట్లెక్కితే పైన ఒకే గది. మూడు కంప్యూటర్లు, ఒక మైకు. గోడలకి దుప్పట్లు వేలాడదీశారు. ప్రోగ్రాము రాసే రమణ, బొమ్మలు వేసే సింహాచలం లోపలున్నారు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. చుట్టరికమేమిటని అడిగితే, “ఏటీ లేదక్కా, అలవాటు” అన్నాడు రమణ. ఆటకి ముందు సింహాచలం పడవల మీద పేర్లు రాసేవాడట.

కింద లేత్ తిరుగుతుంటే పైన నేల వణుకుతుంది. అందుకని గొంతులు రికార్డు చేసే పని మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రెండు దాకానే. కిందివాళ్లు భోజనానికి మెషీన్లు ఆపే గంట అది. దానికి తోడు పాత్రల మాటల్ని వరసలో రికార్డు చేయరు. ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, వాళ్ల జవాబులన్నీ ఒక్కొక్కటే చెప్పించి, ముక్కలుగా దాచుకుంటారు. తర్వాత రమణ వాటిని ప్రశ్నలకి తగిలిస్తాడు. ఎల్లాజీకి చదువు రాదు. హేమ ఒక మాట చెబితే ఆయన దాన్ని తన పద్ధతిలో చెప్పేవాడు. క్రేను గొలుసు చప్పుడు, రేకు పడిన చప్పుడు మాత్రం కింద వర్క్‌షాపులోవే. “వేరే గ్రహం మీద పోర్టు సప్పుడంతా మా ఓనరుదే” అని సింహాచలం నవ్వాడు.

తర్వాత తన కంప్యూటర్ నా వైపు తిప్పాడు. “ఇదిగో అక్కా, మీ సుక్క.”

నల్లటి నీళ్ల మీద ఆకాశం. శర్మిష్ఠ ఐదు చుక్కలు, వాటి పక్కన పచ్చటి ఆరో చుక్క. దాని మీద బాణం పెడితే ‘సూర్యుడు’ అని పేరు వచ్చింది. అట్టలు ఊడిన ఒక పుస్తకంలోంచి నేను నోటు పుస్తకంలోకి ఎక్కించుకున్న సంగతి అది. ఇంజనీరింగు చదివినవాళ్లు దాన్ని తీసుకుని ఆకాశంలో పెట్టారు. బాణం తీసి, మళ్లీ పెట్టి, ఆ పేరు నాలుగుసార్లు చదువుకున్నాను. రమణ మర్యాదగా టీ తెస్తానని వెళ్లాడు.

జాలారిపేట

ఆదివారం ఎల్లాజీ ఇంట్లోనే భోజనం. ఆయన ఇప్పటికీ వారానికి రెండుసార్లు కొడుకు పడవలో వేటకి వెళతాడు. మాది మాంసం తినే ఇల్లే కానీ, సముద్రం చేప మా దాకా తాజాగా రాదు. మామిడికాయ వేసి వండిన నెత్తళ్లు పెట్టారు. వేలంత చేపలు, తలతో సహా తినాలి. నేను ముల్లు తీయడానికి చూస్తుంటే ఎల్లాజీ నవ్వి, “ముల్లేటమ్మా, నమిలీ” అన్నాడు. నమిలేశాను. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

భోజనాలయ్యాక ఇంటి ముందు నీడలో, బోర్లించిన ఐసు పెట్టె మీద లాప్‌టాప్ పెట్టారు. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లూ చుట్టుపక్కల ఆడవాళ్లూ చేరారు. ఇంత దూరం నుంచి వచ్చిన చుట్టాన్ని కాబట్టి నన్నే ఆడమన్నారు.

తెర మీద తెల్లవారుజాము. ఇసుక మీద ఎల్లాజీ పడవ, దాన్ని నీళ్లలోకి నెడుతున్న ఎల్లాజీ. చూస్తున్నవాళ్లు “మన ఎల్లాజీ మావే” అన్నారు. పడవని దాని మీది పేరుతో సహా అచ్చం అలాగే వేశారు. ముసలాయన ముఖం వెలిగింది. నేను దగ్గరికి నడిపించాను. మాటల వరస కనిపించింది. అన్నిటికన్నా పైనున్నది ఎంచుకుని, పుస్తకం చదివే అలవాటు కొద్దీ గట్టిగా చదివాను కూడా. “ఎక్కడికి వెళ్తున్నావు తాతా?”

తెర మీది ఎల్లాజీ నవ్వుతూ చెప్పాడు. “ఏటకెల్తన్నాను. తెల్లారేపాటికొచ్చెత్తాను.” పడవ నీళ్లలోకి దిగింది.

వలలు బాగుచేస్తున్న చేతులు ఆగాయి. వాళ్లలో ఒకతను, “ఏటి మావా, అడిగించుకుని మరీ దింపినావు” అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

“ఆపండది” అన్నాడు ఎల్లాజీ.

హేమ వంగి ఆపేసింది. అప్పటికి ఆమెకి అర్థమైంది, నాకూ అర్థమైంది. బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడగకూడదని తెలియని ఇల్లు మా ఆదోనిలోనూ లేదు, హేమ పల్లెలోనూ లేదు. సముద్రం మీదికి వెళ్లేవాళ్ల దగ్గర అది ఇంకా గట్టిది. అడిగితే అపశకునమని ఆ మనిషి అక్కడే ఆగిపోతాడు.

“ఆ మాట నానే సెప్పినాను” అన్నాడాయన. “దేనికి సెప్పినానో మీరు నాకు సెప్పలేదు. మా ఆడదానికి సెప్తన్నాననుకున్నాను.”

“తప్పయిపోయింది తాతా” అంది హేమ.

“మీ నాన్న నాగలట్టుకుని ఎల్తంటే ఇలగే అడుగుతావేటి?”

“నేదు తాతా. ఎప్పుడూ అడగలేదు.”

“మరి?”

హేమ లాప్‌టాప్ మూసేసింది. ఆయన కోపంగా కూడా లేడు, అదే కష్టంగా ఉంది. “ఈ గుంటలందరూ రేపు ఇదాడతారు. ఎల్లాజీ అడిగించుకుని పడవ దింపినాడంటారు. నా కొడుకు పడవెక్కడానికి ఎవులొత్తారు? నా పేరు తీసీయండి. గొంతు తీసీయండి.”

రేపు ఒంటి గంటకి ఒక్కసారి ఆటోనగర్ రమ్మని హేమ బతిమాలింది. ఆయన అవుననలేదు, కాదనలేదు.

బీచి

సాయంత్రం నలుగురం బీచి గట్టు మీద కూర్చున్నాం. నలభై రూపాయలకి మురీ మిక్చర్. మురీలంటే మా బొరుగులే. మేము వాటిని నానబెట్టి ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీతో పొద్దున్నే తింటాం. వీళ్లు పొడిపొడిగా ఉల్లిపాయా నిమ్మకాయా కలిపి సాయంత్రం తింటారు. ఇంకెప్పుడైనా అయితే ఈ పోలిక మీద గంట మాట్లాడేదాన్ని.

రమణ లాప్‌టాప్‌లో వెతికాడు. ఆ ప్రశ్న అరవై ఏడు చోట్ల ఉంది. మాట్లాడే ప్రతి పాత్రకీ మొదటి ప్రశ్న అదే.

“అన్ని ఆటల్లోనూ అలగే ఉంటాది కదా” అంది హేమ. “ఎవరైనా ఎదురైతే ఎక్కడికెళ్తున్నారనే మొదలెడతారు. చూసీ చూసీ నానూ అలగే రాసీసినాను. మా నాన్ననొక్కసారి అడగని మాట అరవై ఏడుసార్లు రాసినాను.”

“తీసీడం సుళువే బావా” అని రమణ సింహాచలంతో అన్నాడు. “తాత ఒప్పుకోవాలి కదా.”

నాకు సిగ్గుగా ఉంది. ఆకాశంలో చుక్క తక్కువైందని ఆరు పేజీలు రాసిన నేను, మొదటి అధ్యాయంలో ఆ ప్రశ్నని కనీసం ఇరవైసార్లు ఎంచుకుని ఉంటాను. పై దేశాల కట్టుబాట్లు చదివి నోటు పుస్తకాలు నింపాను. మా ఇంటి కట్టుబాటు అచ్చులో ఎక్కడా కనిపించలేదు, అందుకే అదీ చదువేనని తట్టలేదు. కానీ నాకు ఆ కట్టుబాటు తెలుసు, ముప్పై ఏళ్లుగా పాటిస్తున్నాను.

“తీయొద్దు” అన్నాను. “మా ఆయన మిల్లుకి పోయేటప్పుడు నేనెప్పుడూ యాడికి అనలా. దూరమా అంటా. నోరు జారి ఎవరన్నా అడిగినారంటే కూసోని, నీళ్లు తాగి, అప్పుడు పోతాడు. మీ ఆటలో ఏ మాటకైనా ఫలితముంటాది కదప్పా. ఈ మాటకి మాత్రం ఎందుకు లేదు? అడిగితే పడవ దిగకూడదు. ఎట్ల అడగాలో ఆడేవాళ్లే నేర్చుకోవాల.”

రమణ మురీల పొట్లం పక్కన పెట్టాడు. తర్వాత సింహాచలం వైపు తిరిగి, “బావా, ఇదీ ఆటంటే” అన్నాడు.

ఆ మాటని ఇంటికొచ్చాక నోటు పుస్తకంలో రాసుకున్నాను. తేదీ కూడా వేశాను.

మళ్లీ ఆటోనగర్

సోమవారం ఒంటి గంటకి కింద మెషీన్లు ఆగాయి. హేమ ఆఫీసుకి సెలవు పెట్టింది. ఒకటీ పదికి ఇనప మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఎల్లాజీ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి హేమ చెప్పిందంతా విన్నాడు.

“అడిగితే దిగదా పడవ?”

“దిగదు తాతా. నువ్వు కూసుండిపోతావు. నీళ్లు తాగుతావు. నీకు ఎల్లాలనిపించినప్పుడే ఎల్తావు.”

“ఎంతసేపు కూసుంటాడో నంబరు సెప్పాల తాతా” అన్నాడు రమణ.

“నంబరేటి? మనసొప్పీదాకా.”

“కంప్యూటరికి మనసు నేదు. నిమిషాల్లో సెప్పాల.”

“మనసు నేందానికి నా గొంతెందుకెట్టినార్రా?” అని ముసలాయన మొదటిసారి నవ్వాడు. “సరే, నన్ను సూసి నెక్కెట్టుకో. కానీ ఈసారి గోడకి సెప్పను. ఎవులైనా నన్ను అడగాల.”

సింహాచలం వెంటనే వెనక్కి జరిగాడు. “నానడగనెహె. మా యమ్మకి తెలిత్తే సంపేత్తది.”

“నావల్ల కాదు బావా” అన్నాడు రమణ.

హేమ తల అడ్డంగా ఊపింది. తర్వాత ముగ్గురూ నా వైపు చూశారు. నాకు మాత్రం వేరే నాలుకుందా? కానీ గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది. రెండింటికి లేత్ మొదలవుతుంది. రేపు నా రైలు. మైకు ముందుకెళ్లి, ఆయన ముఖం చూసి, మా ఊరి మాటతోనే అడిగాను.

“యాడికి పోతాండావు పెద్దాయనా?”

ఆయన కదలలేదు. నన్ను పైనుంచి కిందికి చూశాడు. “అడిగీసినావు కదమ్మా” అన్నాడు మెల్లగా. “ఇంకేటెల్తాను. నీళ్లున్నాయా?”

నేల మీద చతికిలబడ్డాడు. హేమ చెంబు అందించింది. ఆయన తాగిన చప్పుడు, చెంబు కింద పెట్టిన చప్పుడు, అన్నీ మైకులోకి వెళుతున్నాయి. తర్వాత ఏమీ లేదు. ఆయన గోడకి ఆనుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. రమణ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ఆయన నటించడం లేదు. ఆదోని నుంచి వచ్చిన ఒక మనిషి నిజంగానే అడగకూడనిది అడిగింది, ఆయన నిజంగానే ఆగిపోయాడు. మధ్యలో ఒకసారి చెవి గోక్కున్నాడు. ఒకసారి కళ్లు మూసుకున్నాడు. నేను నిలబడ్డ చోటే నిలబడ్డాను.

చివరికి మోకాలి మీద చెయ్యేసి లేచాడు. “ఆఁ. ఇప్పుడెల్తాను.”

రమణ ఫోను చూశాడు. “పదకొండు నిమిషాలు.”

“పేరుండనీయండి” అన్నాడు ఎల్లాజీ హేమతో. “పడవ ఎడమ పక్క రంగు తప్పేసినారు, అది మాత్రం సరిసెయ్యండి.” సింహాచలం అప్పటికే కుర్చీలో కూర్చుని రంగు మారుస్తున్నాడు.

సముద్రం అధ్యాయం అనుకున్న రోజుకే బయటికొచ్చింది. అరవై ఏడు చోట్లా ఇప్పుడు అడిగినవాళ్లకి ఏదో ఒక అడ్డు తగులుతుంది. ఆ కట్టుబాటు ఆడేవాళ్లకి తెలిసేది మాత్రం ఎల్లాజీ పడవ దగ్గరే. పడవ నీళ్లకి తగిలే సమయానికి, రేవులో కొత్తగా దిగిన ఒక ఆడమనిషి, ఆ రోజు మైకులో పడిన నా గొంతుతో, దూరం నుంచి కేకేసి అడుగుతుంది. ముసలాయన ఇసుకలో కూర్చుండిపోతాడు. ఆడేవాళ్లు ఏం నొక్కినా పదకొండు నిమిషాల దాకా కదలడు. ఆ సమయం తగ్గించమని చాలామంది రాశారట. రమణ అందరికీ ఒకటే జవాబు పంపుతున్నాడు, అది మా చేతిలో లేదు, తాతది అని. ఆ అడిగిన మనిషి మీద కోపం పట్టలేక రాసే ఉత్తరాలు వేరే ఉన్నాయట. హేమ వాటిని చదివి వినిపించడానికి ఫోన్ చేస్తుంటుంది. అన్నీ నాకొచ్చినవే, ఒక్కటీ వదలకుండా చదవమంటాను.